అంతరిక్ష సూక్ష్మ పరికరాలు – శ్రీహరికోట ప్రయోగాలు

ఉపగ్రహాల్లో, రాకెట్లలో వేగం, దిశ, భ్రమణం వంటివి కొలవడానికి, సమాచారాన్ని లెక్కకట్టడానికి వాడే అతి చిన్న సెన్సర్లు, చిప్‌లు, వాటితో కూడిన వ్యవస్థలను అంతరిక్ష సూక్ష్మ పరికరాలు అంటారు. భారతదేశంలో ఇలాంటి పరికరాలను మోసుకెళ్లిన ప్రయోగాలు ఎక్కువగా శ్రీహరికోట నుంచే జరిగాయి. నెల్లూరు తీరంలో పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న ఈ దీవి 2022 జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి నుంచి తొలి సౌండింగ్ రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది.

పనితీరు

వీటిలో ముఖ్యమైనవి మెమ్స్ సెన్సర్లు. చిప్‌ల తయారీ పద్ధతిలోనే సిలికాన్‌ను తొలిచి వీటిని చేస్తారు. మెమ్స్ యాక్సెలెరోమీటర్‌లో సన్నని స్ప్రింగులపై ఒక చిన్న సిలికాన్ దిమ్మ నిలిచి ఉంటుంది. దాని అంచున దువ్వెన పళ్లలాంటి పలకలు, వాటి సందుల్లో కదలని మరో వరస పలకలు ఉంటాయి. వేగం మారితే దిమ్మ జరుగుతుంది, పలకల మధ్య ఎడం మారుతుంది. దాంతో మారే కెపాసిటెన్స్‌ను బట్టి త్వరణం తెలుస్తుంది. మెమ్స్ గైరోలో గిర్రున తిరిగే చక్రం ఉండదు. ఉపగ్రహం తిరిగినప్పుడు, అందులో కంపిస్తున్న దిమ్మ పక్కకు ఒరిగే తీరే భ్రమణ వేగాన్ని చెబుతుంది.

అరిగే భాగాలు లేకపోవడం, తక్కువ కరెంటుతో నడవడం వీటి బలం. రీడింగు కాలంతో, ఉష్ణోగ్రతతో పక్కకు జరగడం బలహీనత. అందుకే సూర్య సెన్సర్, మాగ్నెటోమీటర్ వంటి వాటి రీడింగులతో సరిచూసుకుంటారు.

చిన్న ఉపగ్రహాలు

ఇలాంటి సూక్ష్మ పరికరాలు చిన్న ఉపగ్రహాలకు బాగా నప్పుతాయి. 10 సెంటీమీటర్ల ఘనాన్ని ప్రమాణంగా తీసుకున్న క్యూబ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహ నమూనా 1999లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో రూపుదిద్దుకుంది. కర్ణాటక, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలోని ఏడు ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు చేసిన స్టడ్‌శాట్ కిలో బరువైనా లేదు. 2010 జులై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15 రాకెట్ దాన్ని కక్ష్యలో పెట్టింది. ఐఐటీ కాన్పూర్ వారి 3 కిలోల జుగ్ను 2011 అక్టోబరు 12న ఎగిరింది. మెమ్స్ ఆధారిత జడత్వ కొలత యూనిట్ దాని ప్రయోగ పరికరాల్లో ఒకటి. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ-సీ37 మోసుకెళ్లిన 104 ఉపగ్రహాల్లో 88 అమెరికా సంస్థ ప్లానెట్‌కు చెందిన డవ్ క్యూబ్‌శాట్లే. హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ సంస్థ థైబోల్ట్ ఉపగ్రహాల జంట 2022 నవంబరు 26న కక్ష్యకు చేరింది.

కక్ష్యలో పరీక్షశాల

సొంత ఉపగ్రహం లేని పరికరానికి పోయెమ్ వేదిక ఉంది. పని ముగిసిన పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను కక్ష్యలోనే ఉంచి, దానిపై ముందే బిగించిన పరికరాలను పరీక్షిస్తారు. 2022 జూన్ 30న సీ53తో ఇది మొదలైంది. మొహాలీ సెమీకండక్టర్ లేబొరేటరీ తయారుచేసిన 32 బిట్ల విక్రమ్ 3201 ప్రాసెసర్‌ను కూడా 2024 డిసెంబరు 30 నాటి పీఎస్‌ఎల్‌వీ-సీ60 ప్రయోగంలో అంతరిక్షంలో పరీక్షించారు.

పరిమితులు

రేడియేషన్, చలి వేడిమిల మార్పులు, ప్రయోగ సమయపు కంపనాలు చిన్న పెద్ద సెన్సర్లన్నింటికీ పరీక్షే. 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్ తొలి ప్రయోగంలో రెండో దశ విడిపోయేటప్పుడు కొద్దిసేపు వచ్చిన కంపనానికి యాక్సెలెరోమీటర్ల రీడింగులు హద్దు దాటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని చెడిపోయినవిగా లెక్కించింది. చివరకు ఉపగ్రహాలు నిలవలేని కక్ష్యలోకి వెళ్లాయి. దిద్దుబాట్ల తర్వాత 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం విజయవంతమైంది.