మరణమును గూర్చిన సంభాషణము: మూసాపేటనుండి ఒక పరిశీలనము

మరణప్రసంగము అమంగళమని తెలుగువారు దానిని దూరముగా నుంచిరను అభిప్రాయము బహుళముగా వినవచ్చుచున్నది గాని, మన వాఙ్మయమును పరిశీలించిన అది సగము సత్యము మాత్రమే. ఏడు దినములలో మృత్యువు తప్పదని యెఱిగిన పరీక్షిన్మహారాజు గంగాతీరమున ప్రాయోపవిష్టుడై శుకమహర్షి నడిగిన ప్రశ్నలే బమ్మెర పోతన తెనిగించిన భాగవతమునకు మూలము. బంధునాశముచే శోకార్తుడైన ధర్మరాజు అంపశయ్యపై నున్న భీష్ముని యెదుట కూర్చుండి విన్న బోధయే తిక్కన శాంతిపర్వమునకు ప్రాణము.

అయినను మన ఆచారములు మాటకు చోటిచ్చినది ప్రాణము పోయిన పిదపనే. తెలంగాణపు పల్లెలలో ఒక యింట మరణము సంభవించిన, డప్పు మ్రోత దానిని ఊరంతటికిని తెలుపుచుండెను. ఆడువారు పోయినవారి గుణములను వరుసపెట్టి చెప్పుకొని శోకములు తీయుచుండిరి. ఆ యింట పొయ్యి వెలుగదు గనుక చుట్టములు అన్నము వండి తెచ్చుచుండిరి. మూడవనాడు పిట్టకు పెట్టి, కాకి ముట్టక జాగుచేసిన, పోయినవారికి తీరని కోరిక యేమి మిగిలెనోయని అందఱును బిగ్గరగానే తర్కించుకొనుచుండిరి. దినములు ముగిసిన పిమ్మట దుఃఖితులను బంధువులు తమ యిండ్లకు నిద్రకు తీసికొనిపోవుచుండిరి. ముస్లిముల జియారత్తు, చెహలుములును, క్రైస్తవుల ఆదరణ కూటములును ఈ ధర్మమునే నెఱవేర్చినవి.

హైదరాబాదునందలి మూసాపేట యొకప్పుడు అట్టి పల్లెలలో నొకటి. సనత్‌నగర్, బాలానగర్ కర్మాగారములు పలు జిల్లాల శ్రామికులను ఈ ప్రాంతమునకు రప్పించెను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప సాఫ్ట్‌వేర్ ఉద్యోగులును వచ్చి చేరిరి. 2017లో మెట్రో రైలు నడచెను. నేడు అపార్టుమెంటు సెల్లారులో ఫ్రీజరు బాక్సు చుట్టును కుర్చీలు వేసి, అమెరికానుండి రావలసిన కుమారునికై వేచియుండు ఇరుగుపొరుగువారికి పోయినవారి పేరైనను తెలియకపోవుట కలదు. చావు ఇంటినుండి ఐ.సి.యు.కు తరలినది. అచట బంధువులు వైద్యుని ప్రక్కకు పిలిచి, “నాన్నగారికి మాత్రం చెప్పకండి” అని ప్రాధేయపడుదురు. తండ్రియు అంతయు గ్రహించి, పిల్లలు బాధపడుదురని మౌనము వహించును. ప్రేమవలననే పుట్టిన యీ మౌనము ఇరువురిని ఒంటరులను జేయుచున్నది.

ఈ మౌనమును భేదించు ప్రయత్నము వైద్యరంగమునుండియే వచ్చుట గమనింపదగినది. 1967లో లండనులో సిసిలీ సాండర్స్ మరణాసన్నుల సేవకై సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసును నెలకొల్పెను. 1986లో ముంబయిలో శాంతి అవేదన సదన్ అను హాస్పిసు వెలసెను. 1993లో కోళిక్కోడున ఆరంభమైన పాలియేటివ్ క్లినిక్కు, రోగి పొరుగువారినే స్వచ్ఛంద సేవకులుగా మలచి, మరణాసన్నుల సేవ సమాజధర్మమని నిరూపించెను. హైదరాబాదున ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రీ పాలాట్ ఉపశమన చికిత్సకు పునాది వేసిరి. 2011లో బంజారాహిల్స్ రోటరీ వారు స్థాపించిన స్పర్శ్ హాస్పిస్, నేడు ఐ.టి. సౌధముల నడుమ ఖాజాగూడలో, రోగులకు ఉచితముగా సేవ చేయుచున్నది. నొప్పిని తగ్గించుటతోపాటు, రోగి యేమి తెలిసికొనగోరునో, ఎవరిని చూడగోరునో, ఎచట కన్నుమూయగోరునో అడిగి తెలిసికొనుట ఈ వైద్యమున ముఖ్యభాగము.

న్యాయశాస్త్రమును ఇదే త్రోవ పట్టినది. తనకు స్పృహ లేనినాడు ఎట్టి చికిత్స వలదో ముందుగనే వ్రాసియుంచు హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసి, ఇరువురు సాక్షుల యెదుట సంతకము చేసి నోటరీచే గాని గెజిటెడ్ అధికారిచే గాని ధ్రువపఱచుకొనిన చాలుననెను. కాని ఇంట మాట జరుగనిచో ఆ పత్రము పుట్టదు. పుట్టినను కష్టకాలమున ఎవరికిని జ్ఞప్తికి రాదు.

కావున మూసాపేట బస్తీలలోను, అపార్టుమెంటు సంఘములలోను, గుడి, మసీదు, చర్చిలయందును పెద్దలు ఈ ప్రసంగమునకు తావు కల్పింపవలెను. వ్యాధిగ్రస్తుడైన తండ్రిని “మీకేమి కావలెను?” అని అడుగుట అపశకునము కాదు, పుత్రధర్మము. పెద్దకర్మతో పరామర్శ ముగిసెనని తలపక, నెలలు గడచినపిదపను భర్తను కోల్పోయిన పొరుగింటి యామె తలుపు తట్టి, ఆయన ముచ్చట్లు చెప్పుమని కోరుట ఇరుగుపొరుగు ధర్మము. మన పూర్వులు మరణానంతరము దుఃఖితులకు చూపిన ఆదరమును, మరణించువారికి బ్రదికియుండగనే చూపుట మన తరము చేయవలసిన పని.