వలకు చిక్కని ప్రాణులు

సముద్రములో ఏ ప్రాణి దేనిని తిని బ్రతుకుచున్నది? ఈ ప్రశ్నకు చాలకాలము వల చెప్పినదే సమాధానమైనది. జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయాచార్యుడు విక్టర్ హెన్సెన్, నీటితోపాటు కొట్టుకొనిపోవు ప్రాణులకు 1887లో ‘ప్లాంక్టన్’ అని పేరుపెట్టెను. పిండిమరలలో జల్లెడకు వాడు పట్టుగుడ్డతో వలలు కుట్టించి, 1889లో ‘నాషనల్’ అను ఓడపై అట్లాంటిక్ సముద్రయానము చేసి, చిక్కిన ప్రాణులను లెక్కించెను. దానినిబట్టి సముద్రపు పంటను నిర్ణయింపవచ్చునని ఆయన ఆశ.

మరి వల కన్నులలోనుండి జారిపోయినవాని మాట ఏమి? ఆ రహస్యమును ఒక చిన్న ప్రాణియే బయటపెట్టినది. అపెండిక్యులేరియా అను సముద్రజీవి తనచుట్టు జిగురువంటి ఇల్లు కట్టుకొని, అందలి సన్నని వడపోతతో ఆహారమును కూర్చుకొనును. కీల్ శాస్త్రజ్ఞుడు హాన్స్ లోమన్ ఆ వడపోతను సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, పట్టువలకు దొరకని ఏకకణ జీవులు కనబడినవి. నీటిని గిరగిర త్రిప్పి వానిని అడుగునకు చేర్చు యంత్రముతో లెక్కించి, 1911లో ‘నానోప్లాంక్టన్’, అనగా మరుగుజ్జు ప్లాంక్టన్, అని వ్యవహరించెను.

వానికంటె చిన్నవైన బాక్టీరియా లెక్క మరి అరువది యేండ్లకుగాని సరిగా అందలేదు. ప్రయోగశాలలో పెంచి చూచినపుడు వానిలో స్వల్పభాగమే పెరిగెడిది. 1977లో హాబీ, డేలీ, జాస్పర్ అనువారు మెరయు రంగు వేసి లెక్కించు పద్ధతిని స్థిరపరచిరి. పైభాగపు సముద్రజలమున ఒక్క మిల్లీలీటరులో సుమారు 10 లక్షల బాక్టీరియా ఉండునని తేలినది.

ఇవి మితిమీరి పెరుగకుండుటకు ఒక ముఖ్యకారణము, వానిని తిను ఏకకణ జీవులు. ఇవి కొరడావంటి తోకను ఆడించి నీటిని కదిలించి, తగిలిన బాక్టీరియాను దేహములోనికి మ్రింగును. వీని ఆహార పరిమాణమును డెన్మార్కు శాస్త్రజ్ఞుడు టామ్ ఫెంచెల్ 1982లో కొలిచి ప్రకటించెను. వీనిని మరికొన్ని పెద్ద ఏకకణ జీవులు, వానిని కోపెపాడులు, కోపెపాడులను చేపలు తినును.

నాచుకణములనుండి నీటిలో కరగిపోయిన ఆహారము బాక్టీరియాద్వారా మరల ఇట్లు పైకి వచ్చును. లారెన్స్ పోమెరాయ్ 1974లో సూచించిన ఈ మార్గమునకు 1983లో ఫరూక్ ఆజం, ఆయన సహచరులు ఐదుగురు ‘సూక్ష్మజీవ వలయము’ అని పేరిడిరి. అయితే ప్రతి మెట్టునను ఆహారములో అధికభాగము శ్వాసక్రియకే వ్యయమగును గనుక, చేపకు చేరునది కొంచెమే. ఈ ఏకకణ జీవులు విసర్జించు నత్రజని పదార్థములే నాచుకణములకు మరల ఎరువగును. హెన్సెన్ లెక్కకు అందనిది ఈ వ్యవసాయమే.