తొలిమాట విన్నదెవరు?

మా మనవరాలికి పదకొండో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం నా కొంగు పట్టుకు లాగి "అవ్వ" అంది. సంతోషం పట్టలేక ఆఫీసులో ఉన్న నా కూతురికి ఫోన్ చేశాను. "అయితే నిన్నే పిలిచిందన్నమాట" అంది తను. గొంతులో చిన్న నొప్పి. హైదరాబాదులో పెరిగిన నా కూతురికి అవ్వ అంటే ముసలామె. దేవరకొండ దగ్గర మా ఊళ్లో నేను కన్నతల్లిని పిలిచిన పిలుపది. పాప పిలిచింది నన్నా, తన తల్లినా?

భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్‌ని అడిగితే ఇద్దర్నీ కాదనేవాడేమో. లోకంలో చాలా భాషల్లో అమ్మనీ నాన్ననీ పిలిచే మాటలు ఒకేలా ఎందుకుంటాయన్న ప్రశ్న మీద ఆయన వ్యాసం 1960లో అచ్చయింది. పాలు తాగుతూ బిడ్డ చేసే మూలుగులోంచి 'మ' శబ్దం వస్తుందనీ, దానికి అర్థం కట్టేది చుట్టూ ఉన్న పెద్దవాళ్లేననీ ఆయన వాదన. పుట్టిన రెండు మూడు రోజులకే బిడ్డ ఇతరుల గొంతుల కంటే తల్లి గొంతునే ఎక్కువ కోరుకుంటుందని 1980లో డికాస్పర్, ఫైఫర్ చేసిన ప్రయోగంలో తేలింది. ఆరేడు నెలలకు "బబబ", "తతత" మొదలవుతాయి. ఏడాది అటూ ఇటూగా తొలిమాట. రెండేళ్లకల్లా "బువ్వ పెట్టు" అని రెండు మాటలు అతుకుతాయి. ఇదంతా జరగాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఆ శబ్దాన్ని పట్టుకుని, మాట చేసి, తిరిగి బిడ్డకివ్వాలి. మాట పుట్టటానికి నోరెంత అవసరమో, చెవీ అంత అవసరం. మరి మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆ చెవి ఎవరిది?

మన భాషా చరిత్రలో దీనికి జవాబు దొరకదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటర్‌లో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు స్త్రీవిద్య కోసం జీవితం ధారపోసిన కార్వే. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది ఎదిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేట సభకి సురవరం ప్రతాపరెడ్డి, 1931లో మా దేవరకొండ సభకి బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షులు. ఇద్దరూ పాలమూరు వాళ్లే. జోగిపేటలోనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. బడిలో, కచేరీలో, పత్రికలో తెలుగు ఉండాలన్న ఆ పోరాటం న్యాయమైనదే. కానీ బడికీ కచేరీకీ ముందు ఆ తెలుగుని బిడ్డల నోట పలికించింది ఎవరన్న ప్రశ్నకి అందులో చోటు దొరకలేదు. "మాతృభాష" అన్న మాటలోనే తల్లి ఉంది కదా, ఇంకా వేరే ఎందుకనుకున్నారేమో.

ఆ మాటలోని తల్లి ఇంటిపట్టున ఉండే తల్లి. మా వైపు ఎంతమందికి ఆ వీలుండేది? వెట్టికి పోయిన తల్లులు, ఆముదం చేలల్లో కలుపు తీసిన తల్లులు. మేస్త్రీల వెంట పాలమూరు లేబరుగా ఆనకట్టల పనికి పోయిన తల్లులు బిడ్డల్ని ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదిలారు, లేదా పనిచోట చీర ఉయ్యాలలో వేశారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో, సాయుధ పోరాట కాలంలో చంటిబిడ్డని వేరేవాళ్ల చేతిలో పెట్టి వెళ్లాల్సి వచ్చిన తల్లి గొంతు వినిపిస్తుంది. అట్లాంటి తల్లికి బిడ్డ తొలిమాట వినే భాగ్యం ఎక్కడిది?

నా తొలిమాట విన్నది మా అక్క. అవ్వ పొద్దున్నే కూలికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. అప్పటికి తనకి ఏడేళ్లు. నేను నడక నేర్చి, బడికి పోయి, టీచర్నయ్యాను. అక్క ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. నాకు మాటలొచ్చిన ఏళ్లే తనకి అక్షరాలు రావలసిన ఏళ్లు. 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకంలో కూడా ఆటపాటల చదువు మూడేళ్లు నిండిన పిల్లలకే. మాటలు నేర్చే ఆ మొదటి మూడేళ్ల పని పేదిళ్లల్లో ఆడపిల్లల మీదే పడింది. దాన్ని పని అని కూడా ఎవరూ అనలేదు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. ముప్ఫై ఏళ్లు ఒకటో తరగతికి చదువు చెప్పాను. ఒకసారి తండా నుంచి వచ్చిన పిల్లకి వాచకంలో తల్లి బొమ్మ చూపిస్తే "యాడి" అంది. "యాడి కాదు, అమ్మ" అన్నాను. మర్నాటి నుంచి బొమ్మ చూపిస్తే నోరు విప్పలేదు. ఆ పిల్ల భాషని జనాభా లెక్కల్లో హిందీ కింద కలిపేస్తారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. 2004లో రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలైనప్పుడు వాటిలో బంజారా కూడా ఉంది. మా బడిదాకా అది రాలేదు. "అవ్వ" అన్న మా ఊరి పిల్లల్నీ అలాగే దిద్దాను. కోస్తా వాళ్లకి పసిపిల్లల మాటైన "బువ్వ" మాకు పెద్దల మాట కూడా. దాన్నీ "అన్నం" అని దిద్దాను. నా తొలిమాట మీద నేనే ఎర్ర సిరా గీత గీశాను.

మనవరాలి సంగతి అక్కకి చెప్పాను. చాలాసేపు ఊరుకుంది. తర్వాత అంది: "నువ్వు గూడ మొదలు అవ్వ అనే అన్నవ్. నన్ను జూసే అన్నవ్. అవ్వకు చెప్పలే, కష్టపడి వచ్చింది, మనసు చిన్నబోతదని. రాత్రి ఆమె ముంగట మళ్ళీ అన్నవ్. ఇదే మొదలు అనుకున్నది."

అరవై ఏళ్లుగా ఆ మాట అక్క దగ్గరే ఉంది. నేనేమో అరగంటైనా ఆగకుండా కూతురికి ఫోన్ చేశాను.

ఇది రాసి అక్కకి చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే దిద్దింది. "ఏడేండ్లు గాదు, ఆరే."