ఆదాయపు పన్ను రిబేటు: ఇంటికి ఎంత మేలు, దేశానికి ఎంత మేలు?

ప్రభుత్వం తాను విధించిన పన్నులో కొంత భాగాన్ని తానే వదలివేయడాన్ని, లేదా వసూలు చేసిన పన్నులో కొంత తిరిగి చెల్లించడాన్ని రిబేటు అంటారు. ఏటా ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్టు వెలువడగానే ఉద్యోగుల ఇళ్లలో మొదట వినవచ్చే మాట ఇదే. బళ్లారిలో నివసించినా, హోసూరులో నివసించినా, బరంపురం, సిరొంచ, యానాంలలో ఎక్కడ నివసించినా ఆదాయపు పన్ను లెక్క ఒక్కటే. అది కేంద్రం విధించే పన్ను కనుక రాష్ట్రాల ఎల్లలతో దానికి నిమిత్తం లేదు. అయితే రిబేటు వల్ల కుటుంబాలు నిజంగా తేరుకొంటాయా, బజారులో కొనుగోళ్లు పెరిగి దేశ ఆర్థిక వ్యవస్థ బలపడుతుందా అన్నది నిదానంగా విచారింపదగిన విషయం.

రిబేటుకు, మినహాయింపుకు భేదం

ఈ రెండు మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడుతారు. మినహాయింపు ఆదాయంలో నుంచి జరిగే తగ్గింపు. మిగిలిన ఆదాయంపై పన్ను లెక్క కడతారు. రిబేటు మాత్రం లెక్క తేలిన పన్నులో నుంచి జరిగే తగ్గింపు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా ఫలితం పెద్దది.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 88వ సెక్షన్ దీనికి మంచి ఉదాహరణ. జీవిత బీమా, ప్రావిడెంట్ ఫండ్, జాతీయ పొదుపు పత్రాల వంటి వాటిలో పెట్టిన సొమ్ముపై ఆ సెక్షన్ కింద రిబేటు లభించేది. 20 శాతం రేటు వర్తించిన వ్యక్తి పది వేల రూపాయలు పొదుపు చేస్తే, అతడు ఏ శ్లాబులో ఉన్నా పన్నులో రెండు వేలు తగ్గేది. 2005 బడ్జెట్టులో దీనిని తొలగించి, లక్ష రూపాయల వరకు మినహాయింపు ఇచ్చే 80సి సెక్షన్‌ను ప్రవేశపెట్టారు. అప్పటి నుంచి అదే పది వేల పొదుపుపై 30 శాతం శ్లాబులోని వ్యక్తికి మూడు వేలు, 10 శాతం శ్లాబులోని వ్యక్తికి వెయ్యి రూపాయలు మాత్రమే కలిసివచ్చాయి. అనగా మినహాయింపు ఎక్కువ ఆదాయం కలవారికి ఎక్కువ మేలు చేస్తుంది. రిబేటు అందరినీ ఒకే కొలతతో చూడగలదు.

87ఎ సెక్షన్ నడచిన దారి

నేడు రిబేటు అనగానే స్ఫురించేది 87ఎ సెక్షన్. దీనిని 2013 బడ్జెట్టులో ప్రవేశపెట్టారు. ఐదు లక్షల లోపు ఆదాయం గల నివాస వ్యక్తులకు అప్పుడు లభించిన రిబేటు గరిష్ఠంగా 2,000 రూపాయలు. 2016లో దానిని 5,000కు పెంచారు. 2017లో 2,500కు తగ్గించి, మూడున్నర లక్షల లోపు ఆదాయానికి పరిమితం చేశారు. 2019 మధ్యంతర బడ్జెట్టులో ఐదు లక్షల ఆదాయం వరకు 12,500 రూపాయలుగా నిర్ణయించారు. 2023లో కొత్త పన్ను విధానం ఎంచుకొన్నవారికి ఏడు లక్షల ఆదాయం వరకు 25,000 అయింది. 2025 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన బడ్జెట్టుతో, 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి పన్నెండు లక్షల ఆదాయం వరకు 60,000 రూపాయల రిబేటు అమలుకు వచ్చింది. జీతగాళ్లకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉన్నందున, పన్నెండు లక్షల డెబ్బై ఐదు వేల జీతం వరకు పన్ను పడదు. ఈ మార్పుల వల్ల ప్రత్యక్ష పన్నుల రూపేణా సుమారు లక్ష కోట్ల రూపాయలు వదులుకొంటున్నట్లు ప్రభుత్వం ఆ బడ్జెట్టులోనే తెలిపింది.

ఈ మేలు అందరికీ సమంగా అందలేదు. అంతకు ముందు సంవత్సరపు కొత్త విధానంలో పన్నెండు లక్షల ఆదాయంపై పన్ను 80,000 రూపాయలు. అది పూర్తిగా పోయింది. పది లక్షల ఆదాయం గలవారికి మిగిలినది 50,000. ఎనిమిది లక్షలవారికి 30,000. ఏడు లక్షలు, అంతకు లోపు ఆదాయం గలవారికి అప్పటికే పన్ను లేదు కనుక వారికి కొత్తగా ఒనగూడినది ఏమీ లేదు.

హద్దు దాటినవారి సంగతి

రిబేటుకు ఒక ఆదాయ పరిమితి ఉన్నది. పన్నెండు లక్షలకు పైన పది వేలు అదనంగా ఆదాయం వస్తే లెక్క ప్రకారం పన్ను 61,500 రూపాయలు అవుతుంది. పది వేలు సంపాదించినందుకు అరవై వేలు పోగొట్టుకోవడం అన్యాయం కనుక, పరిమితిని మించిన ఆదాయం కంటె పన్ను ఎక్కువ కాకుండా మార్జినల్ రిలీఫ్ కల్పించారు. ఆ వ్యక్తి 10,000 చెల్లిస్తే చాలు. దానిపై సెస్సు వేరు. ఆదాయం సుమారు పన్నెండు లక్షల డెబ్బై వేలకు చేరే వరకు ఈ ఉపశమనం వర్తిస్తుంది. అయితే ఆ నడుమ సంపాదించిన ప్రతి అదనపు రూపాయి పన్నుకే పోతుంది. షేర్ల అమ్మకంపై లాభం వంటి ప్రత్యేక రేట్లు గల ఆదాయంపై పన్నుకు ఈ రిబేటు వర్తించదన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

మిగిలిన సొమ్ము ఎటు పోతుంది?

రిబేటును సమర్థించేవారి వాదం ఇది: పన్ను తగ్గితే ఇంట్లో సొమ్ము మిగులుతుంది, ఆ సొమ్ముతో వస్తువులు కొంటారు, దుకాణదారుకు ఆదాయం పెరుగుతుంది, అతడు మళ్లీ ఖర్చు పెడతాడు. ఇలా ఒక రూపాయి పలు చేతులు మారుతుంది. నూరు రూపాయల రిబేటులో ప్రతివారూ అరవై శాతం ఖర్చు చేస్తారనుకొంటే, మొత్తం కొనుగోళ్లు 150 రూపాయల వరకు పెరుగుతాయి. ముప్పై శాతమే ఖర్చు చేస్తే 43 రూపాయల దగ్గర ఆగిపోతాయి. కనుక అంతా ఖర్చు చేసే పాలుపై ఆధారపడి ఉన్నది. ఇది కాగితం మీది లెక్క. దిగుమతులు, పన్నులు నడుమ కొంత హరిస్తాయి.

ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1957లో దీనికి భిన్నమైన భావాన్ని ప్రతిపాదించాడు. మనిషి ఒక ఏడాది రాబడిని చూసి కాక, జీవితంలో నిలకడగా వచ్చే రాబడిని చూసి ఖర్చు చేస్తాడని ఆయన సిద్ధాంతం. దాని ప్రకారం ఒక్కసారి ఇచ్చే రిబేటు పొదుపులోకే పోతుంది. శాశ్వతమైన తగ్గింపే ఖర్చును పెంచుతుంది.

ఈ రెండింటిలో ఏది నిజమో పరీక్షించే అవకాశం అమెరికాలో కలిగింది. 2001లో అక్కడి ప్రభుత్వం ఒంటరి వ్యక్తులకు 300, దంపతులకు 600 డాలర్ల వరకు చెక్కులను పంపింది. సామాజిక భద్రత సంఖ్యలోని చివరి రెండు అంకెల వరుసను బట్టి వేర్వేరు వారాలలో పంపినందున, చెక్కు అందినవారి ఖర్చును ఇంకా అందనివారి ఖర్చుతో పోల్చి చూడగలిగారు. డేవిడ్ జాన్సన్, జొనాథన్ పార్కర్, నికొలస్ సౌలెలెస్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చెక్కు అందిన మూడు నెలల కాలంలో కుటుంబాలు దానిలో 20 నుంచి 40 శాతం వరకు ఆహారం, బట్టలు వంటి నిత్యావసరాలకు ఖర్చు చేశాయి. తక్కువ ఆదాయం, చేతిలో తక్కువ నిల్వ గల కుటుంబాలు ఎక్కువ పాలు ఖర్చు చేశాయి. అదే రిబేటుపై మాథ్యూ షపైరో, జోయెల్ స్లెమ్‌రాడ్ జనాన్ని నేరుగా ప్రశ్నించగా, ప్రధానంగా ఖర్చు చేస్తామన్నవారు 22 శాతం మాత్రమే. మిగిలినవారు పొదుపు చేస్తామనో, అప్పు తీరుస్తామనో చెప్పారు. 2008లో మరింత పెద్ద ఎత్తున, సుమారు వంద బిలియన్ డాలర్లు పంచినా అదే సంవత్సరం శరదృతువులో వచ్చిన ఆర్థిక సంక్షోభాన్ని అది నివారించలేకపోయింది.

భారత ప్రభుత్వానికీ ఈ సందేహం లేకపోలేదు. కరోనా కాలంలో, 2020 అక్టోబరులో, ఉద్యోగుల సెలవు ప్రయాణ రాయితీకి బదులుగా నగదు ఇచ్చే పథకం ప్రకటించినప్పుడు, 12 శాతం లేక అంతకు మించి జీఎస్‌టీ గల వస్తువులను కొనాలని నియమం పెట్టింది. ఇచ్చిన సొమ్ము బ్యాంకులో నిలిచిపోక బజారుకు చేరాలన్నదే దాని ఉద్దేశం.

రిబేటు అందని ఇల్లు

2024 జూలై 31 నాటికి ఆ సంవత్సరపు ఆదాయపు పన్ను రిటర్నులు 7.28 కోట్లు దాఖలయ్యాయి. దేశ జనాభా 140 కోట్లకు పైమాటే. రిటర్ను వేసినవారిలోనూ పన్ను చెల్లించవలసినవారు కొందరే. కూలీ, కౌలు రైతు, చేనేత కార్మికుడు, చిల్లర దుకాణదారు ఇళ్లలో చాలావాటికి ఆదాయపు పన్ను లేదు. కనుక రిబేటు కూడా లేదు. చేతికి వచ్చిన రూపాయిని వెంటనే ఖర్చు చేసే ఇళ్లు ఇవే. బజారును లేపాలన్న ఉద్దేశానికి రిబేటు సరిగా అందవలసిన చోటికే అందదు అన్న విమర్శకు ఇది మూలం.

అటువంటి ఇళ్లు కూడా సబ్బు, నూనె, చెప్పులు కొన్నప్పుడు పరోక్షంగా పన్ను చెల్లిస్తూనే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ రేట్లను ప్రధానంగా 5, 18 శాతాలకు కుదించడం ఆ ఇళ్లను తాకిన మార్పు. అయితే తగ్గిన పన్ను మేరకు వ్యాపారి ధర తగ్గించినప్పుడే అది కొన్నవారికి చేరుతుంది. రెండు తగ్గింపులూ ఒకే సంవత్సరంలో వచ్చినందున, బజారులో కనిపించిన మార్పులో దేని పాలు ఎంతో విడదీయడం సులభం కాదు.

రాష్ట్రాల వాటా, వృత్తి పన్ను

కేంద్రం వదులుకొన్న పన్ను కేంద్రానిది మాత్రమే కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంపిణీకి లోబడిన కేంద్ర పన్నులలో 41 శాతం రాష్ట్రాలకు కేటాయించింది. ఆదాయపు పన్ను తగ్గితే ఆ మేరకు రాష్ట్రాల వాటా కూడా తగ్గుతుంది. బడులు, ఆసుపత్రులు, ఊరి రోడ్లు ఎక్కువగా రాష్ట్రాల ఖర్చుతో నడిచేవే. ఇంట్లో మిగిలిన రూపాయిని, బడిలో తగ్గిన రూపాయితో కలిపి చూడవలసి ఉంటుంది.

సరిహద్దు ప్రాంతాలవారికి నిజంగా తేడా కనిపించేది వృత్తి పన్నులో. రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం ఇది ఏడాదికి 2,500 రూపాయలు మించరాదు. నెలకు 22,000 జీతం గలవారు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ నెలకు 200 రూపాయలు చెల్లిస్తారు. కర్ణాటకలో 2023 నుంచి 25,000 లోపు జీతానికి ఈ పన్ను లేదు. తమిళనాడులో స్థానిక సంస్థలు అర్ధ సంవత్సరానికి ఒకసారి వసూలు చేస్తాయి. కొత్త ఆదాయపు పన్ను విధానంలో వృత్తి పన్నుకు మినహాయింపు లేదు.

కుటుంబం గమనించవలసినవి

రిబేటు వల్ల మిగిలిన సొమ్ము నెలనెలా జీతంలో కలిసి వస్తుంది కనుక, అది ఎటు పోయిందో తెలియకుండా కరగిపోవడం సహజం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉన్న ఇంట్లో ముందుగా దానిని తీర్చడమే మేలు. 80,000 అసలు తీరితే ఏడాదికి 19,200 రూపాయల వడ్డీ తప్పుతుంది. ఇది బజారుకు వెంటనే ఉపకరించకపోవచ్చు, కాని ఇంటిని నిలబెడుతుంది.

మరొక హెచ్చరిక అవసరం. కొత్త విధానంలో 80సి మినహాయింపు లేదు. పన్ను కోసమే ప్రావిడెంట్ ఫండ్, బీమా కడుతూ వచ్చినవారు ఇక అవసరం లేదని మానివేస్తే, వృద్ధాప్యానికి ఉండవలసిన ఆధారం పోతుంది. పన్ను కోసం మొదలైన పొదుపు పన్ను పోయిన తరువాత కూడా కొనసాగవలసినదే.

ముగింపు

రిబేటు పన్ను చెల్లించే మధ్యతరగతి ఇంటికి నిస్సందేహంగా ఉపకరిస్తుంది. దేశ ఆర్థిక వ్యవస్థకు దాని మేలు మాత్రం అది ఎవరికి చేరింది, శాశ్వతమా తాత్కాలికమా, దాని కోసం ప్రభుత్వం ఏ ఖర్చు తగ్గించుకొన్నది అన్న మూడు ప్రశ్నలపై ఆధారపడి ఉంటుంది. బడ్జెట్టు వచ్చిన రోజున పన్ను ఎంత తగ్గిందని అడగడం సహజం. తగ్గించిన సొమ్ము ఎవరి ఇంటికి చేరలేదని కూడా అడిగినప్పుడే లెక్క పూర్తి అవుతుంది.