బీదర్‌లో దిగిన లాంకాస్ట్రియన్లు

1948 వేసవిలో ప్రపంచమంతా బెర్లిన్ వైపు చూస్తోంది. జూన్ 24న సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేసింది. రెండు రోజులకే అమెరికా, వెంటనే బ్రిటన్ విమానాల్లో సరుకు దింపడం మొదలుపెట్టాయి. అదే వేసవిలో, దారులు మూసుకుపోయిన ఇంకో రాజ్యానికీ విమానాలు వచ్చాయి. కాకపోతే అవి దొంగచాటుగా, రాత్రిపూట వచ్చేవి. ఆ రాజ్యం నిజాం హైదరాబాదు.

ఆనాటి తెలంగాణ సాయుధ పోరాటాన్ని మన సినిమా పట్టించుకుంది. ‘మా భూమి’ చిత్రం భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చిన ‘పోలీసు చర్య’ దాకా కథ నడిపింది. ఈ విమానాల కథను మాత్రం పెద్దగా తడిమినట్టు లేదు. ఇందులో హీరో అనదగ్గ మనిషి దొరకడు మరి!

హైదరాబాదుకు సముద్రతీరం లేదు. దాదాపు 82 వేల చదరపు మైళ్ల నేల, కోటీ అరవై లక్షల పైచిలుకు జనం, నాలుగు వైపులా భారతదేశం. 1947 నవంబరు 29న భారత్‌తో కుదిరిన యథాతథ ఒడంబడిక ఏడాదికని రాసుకున్నా, నెలలు తిరక్కుండానే బీటలు వారింది. పాకిస్తాన్‌కు నిజాం ప్రభుత్వం ఇవ్వజూపిన 20 కోట్ల రూపాయల అప్పు ఢిల్లీకి మంట పుట్టించింది. సరిహద్దు ఊళ్ల మీద నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల దాడులు దానికి తోడయ్యాయి. మద్రాసు, బొంబాయి రాష్ట్రాల వైపు నుంచి సరుకు రావడం తగ్గిపోయింది. దిగ్బంధమేదీ లేదని ఢిల్లీ అంటూనే ఉంది. మందులు, పెట్రోలు, చివరికి నగరపు తాగునీటిని శుద్ధి చేసే క్లోరిన్ కూడా రానివ్వడం లేదని ప్రధాని లాయక్ అలీ ప్రభుత్వం మొరపెట్టుకుంది.

అప్పుడు రంగంలోకి దిగినవాడు సిడ్నీ కాటన్. ఆస్ట్రేలియా వైమానికుడు, సాహసి, డబ్బు లెక్క తెలిసినవాడు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు వ్యాపారి వేషంలో తిరుగుతూ, విమానంలో దాచిన కెమెరాలతో జర్మనీని ఫోటోలు తీసినవాడు. 1939 ఆగస్టులో యుద్ధం ముంచుకొస్తుండగా బెర్లిన్ నుంచి బయటపడ్డ చివరి పౌర విమానాల్లో ఆయనదొకటి. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన విమానాలు కరాచీ నుంచి చీకట్లో బయలుదేరి బీదర్, వరంగల్ మైదానాల్లో దిగేవి. అవి యుద్ధకాలపు లాంకాస్టర్ బాంబర్‌ను రవాణా విమానంగా మార్చిన లాంకాస్ట్రియన్లు. వచ్చిన సరుకులో ప్రధానమైనవి తుపాకులు, మందుగుండు. క్లోరిన్ లేదని ఏడ్చిన ప్రభుత్వం ఆకాశం దారి తెరుచుకోగానే ముందు దేనికి చోటిచ్చిందో చూస్తే, దాని ప్రాణం ఎక్కడుందో తెలుస్తుంది.

అదే రకం విమానాలు బెర్లిన్‌కు పెట్రోలు మోశాయి. అక్కడ 20 లక్షల మంది కోసం వెళ్లిన సరుకులో దాదాపు మూడింట రెండొంతులు బొగ్గే. ఆ రవాణా ముగిసేనాటికి సుమారు 2 లక్షల 77 వేల విమానయాత్రలు, 23 లక్షల టన్నులు. దీన్ని నడిపించిన జనరల్ టన్నర్ అంతకుముందు అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు పంపిన అనుభవజ్ఞుడు. భారత వైమానిక దళానికీ ఈ విద్య కొత్తేమీ కాదు. 1947 చివర్లో ముట్టడిలో చిక్కిన కశ్మీర్‌లోని పూంచ్ పట్టణాన్ని మెహర్ సింగ్ నాయకత్వంలో డకోటా విమానాలతో నిలబెట్టింది.

అయితే బెర్లిన్‌ను విమానాల లెక్క ఒక్కటే కాపాడలేదు. నగరానికి మూడు ఆకాశమార్గాలు ఉంటాయని 1945లోనే బెర్లిన్‌ను పంచుకున్న నాలుగు దేశాలూ కాగితం మీద ఒప్పుకున్నాయి. వాటిలో ఎగిరే విమానాన్ని కూల్చితే మూడో ప్రపంచయుద్ధమేనని స్టాలిన్‌కు తెలుసు. హైదరాబాదు ఆకాశానికి అలాంటి కాగితమూ లేదు, అలాంటి భయమూ ఎవరికీ లేదు. పైగా తెలంగాణ పల్లెల్లో రైతులు అప్పటికే దొరల మీద, నిజాం మీద తిరగబడి ఉన్నారు. కింద జనం తనవైపు లేని ప్రభుత్వానికి పైనుంచి ఎన్ని పెట్టెలు దించినా ఒరిగేదేముంది?

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. టెంపెస్ట్ విమానాలు బీదర్, వరంగల్ మైదానాల మీద బాంబులు వేశాయి. 16న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి భారత్ మీద హైదరాబాదు చేసిన ఫిర్యాదును చర్చకు తీసుకుంది. 17న నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. బెర్లిన్ దిగ్బంధం మరుసటి ఏడాది మే 12 దాకా సాగింది. ఆయుధాల రవాణా నేరానికి కాటన్‌కు బ్రిటన్ కోర్టు వేసిన జరిమానా 200 పౌండ్లు.