సీబుక్కు పోయిన రాజు

ఉమ్మడి రాష్ట్రంలో, వరంగల్ జిల్లా ఇంకా ముక్కలు కాని రోజుల్లో జనగామైనా, మానుకోటైనా, భూపాలపల్లైనా బండి నంబరు ఏపీ 36తోనే మొదలయ్యేది. ఆ నంబరు మీద తిరిగిన బండ్లలో రాజు ఎవరంటే యాభై దాటిన ఏ మెకానిక్‌నైనా అడగండి, యమహా ఆర్‌ఎక్స్ 100 అనే అంటాడు. నాకూ అదే మాట.

1985లో వచ్చింది. ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి తెచ్చిన బండి. అప్పటిదాకా అదే ఎస్కార్ట్స్ చేసిన రాజ్‌దూత్ ఊళ్లల్లో పాలక్యాన్లు మోస్తూ, బతికినంతకాలం బరువే తన పనన్నట్టు తిరిగేది. ఆర్‌ఎక్స్ అట్లా కాదు. 98 సీసీ ఇంజన్, 11 గుర్రాల బలం, ఒళ్లు నూరు కిలోల పైచిలుకు. కాగితం మీద ఇవేం గొప్ప అంకెలు కావు. కిక్కు కొట్టి, గేరు వేసి కాస్త ఎక్కువ తిప్పితే ముందు చక్రం నేలను వదిలేది. అదే ఏడు వచ్చిన హీరో హోండా సీడీ 100 మైలేజీ లెక్కలు వేసుకునే ఉద్యోగస్తుల ఇంటికి చేరింది. ఆర్‌ఎక్స్ మాత్రం మిర్చి పైసలు చేతికొచ్చిన మానుకోట రైతు కొడుకు దగ్గరికి, బాయి డ్యూటీకి పోయే సింగరేణి కుర్రవాడి దగ్గరికి వచ్చింది. జనగామ దాటి హైదరాబాద్ రోడ్డెక్కితే వెనక వస్తున్నది ఏ బండో తల తిప్పకుండా చెప్పగలిగేవాళ్లు. పొగ గొట్టం చప్పుడే దాని ఇంటిపేరు.

పొగే దాని చావుకూ కారణమైంది. టూస్ట్రోక్ ఇంజన్ పెట్రోలుతో పాటు నూనెనూ తగలబెడుతుంది. దేశంలో కాలుష్య నిబంధనలు బిగుసుకున్నాయి. 1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్-జీ, 135 ఆ వంశం వాళ్లే గానీ సింహాసనం దక్కలేదు.

కంపెనీ ఆపేసిన బండి అయినా చావదు మన దగ్గర. ఆర్‌ఎక్స్‌ను చంపింది మాత్రం మనమే, నెమ్మదిగా, ప్రేమగా.

సొంత బండిని మన దేశంలో సర్కారు చూసేది చాలా అరుదు. కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ చేస్తుంది. ఆ తర్వాత పదిహేనేళ్లు దాని మొహం చూడదు. చూస్తే పోలీసు చూడాలి, లేదంటే పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాడు చూడాలి. పదిహేనేళ్లు నిండాక మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. లైటు, హారను, బ్రేకు చూస్తారు, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకుంటారు. పాసైతే మరో అయిదేళ్లు. 1990లో కొన్న ఆర్‌ఎక్స్‌కు 2005, 2010, 2015, 2020, 2025లో ఈ గండాలు రావాలి. దాని తనిఖీ చరిత్ర అంతా ఈ కొద్దిపాటి ముద్రలే. వరస ఎక్కడ తెగిందో చూస్తే బండి కథ ఎక్కడ మలుపు తిరిగిందో దొరుకుతుంది.

చాలా బండ్లకు మొదటి గండం దగ్గరే తెగింది. అప్పటికే బండి మొదటి యజమాని దగ్గర లేదు. అమ్మినవాడు సీబుక్కు, సంతకం పెట్టిన పేరు మార్పిడి ఫారాలు 29, 30 చేతిలో పెట్టి, స్టాంపు కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చి చేతులు దులుపుకున్నాడు. చట్టం ప్రకారం అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. ఎవరు పోయారు? కొన్నవాడు అదే ఖాళీ ఫారాలతో ఇంకొకడికి అమ్మాడు. బండి జనగామ నుంచి మానుకోటకు, అక్కడి నుంచి భూపాలపల్లికి పోయింది. పేరు మాత్రం కదల్లేదు.

అయినా అప్పట్లో నడిచిందంటే మెకానిక్ ఉండబట్టి. ఏ బండి ఎప్పుడు పడ్డదో, ఎవరు బోరు చేయించారో, ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే నూనె కలుపుతున్నది ఎవరో ఆయనకు కంఠతా వచ్చు. సర్కారు రాయని చరిత్ర ఆయన తలలో ఉండేది. కంపెనీ సర్వీస్ సెంటర్లు వచ్చాక ఆ షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నోటిలెక్క వాళ్లతోనే పోయింది.

2016 అక్టోబరు 11న జిల్లా చీలింది. భూపాలపల్లికి 25, మానుకోట అనే మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 నంబర్లు వచ్చాయి. ఏపీ 36 అనాథ అయింది. పాత చేతిరాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్లోకి ఎక్కని బండ్లు ఆన్‌లైన్‌లో నంబరు కొడితే కనపడవు. 2022 ఏప్రిల్ 1న రెన్యువల్ ఫీజు 300 నుంచి 1,000కి పెరిగింది, ఆలస్యానికి నెలకు 300 అదనం. గ్రీన్ ట్యాక్స్ వేరే. షెడ్డులో దుమ్ము పట్టిన బండికి ఇన్ని పైసలు ఎవరు కడతారు?

విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఈ పతనంలోనే దానికి గిరాకీ పెరిగింది. 2018 జులైలో బండి పేరుతోనే సినిమా వచ్చింది. ఆ బండి పుట్టినప్పుడు తామింకా పుట్టని కుర్రాళ్లు వెతుకులాట మొదలుపెట్టారు. రంగు వేసి, క్రోమ్ ఎక్కించి, లక్ష దాటిన ధర చెబుతున్నారు. ‘ఇంజన్ జబర్దస్తుందన్నా, ఒక్క కిక్కు’ అంటాడు అమ్మేవాడు. కిక్కు సంగతి నిజమే కావచ్చు. సీబుక్కులో 98 సీసీ అని ఉంటుంది, లోపల కూర్చున్నది 135 వాడి ఇంజన్. ఇంజన్ మారిస్తే ఆఫీసులో రాయించాలని చట్టం. రాయించిన సీబుక్కు నాకైతే కనపడలేదు.

ఇంకా లోతుకు పోతే మరీ చేదు. బండి పాత ఇనుము కింద పోయినప్పుడు రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. ఎవరూ చేయించరు. అట్లా చచ్చిన బండి కాగితం బతికే ఉంటుంది, దానికీ ఒక ధర పలుకుతుంది. కాగితం లేని బండికి బండి లేని కాగితాన్ని జత చేసేవాళ్లున్నారు. హ్యాండిల్ కింది గొట్టం మీద చెక్కిన చాసిస్ నంబరును ఎమరీ కాగితంతో శుభ్రం చేసి చూడమని పాత మెకానిక్‌లు చెప్పేది అందుకే. అంకెలు వంకరగా ఉన్నా, ఒకదానికి లోతు ఎక్కువ ఒకదానికి తక్కువ ఉన్నా, చుట్టూ ఇనుము పలచబడ్డా, ఆగిపోవాలి.

‘తమ్మీ, ఇది ఒక బండి కాదురా, మూడు బండ్లు,’ అంటాడు అలాంటి ఉస్తాద్. ఇంజన్ ఒకదానిది, ఫ్రేమ్ ఒకదానిది, సీబుక్కు ఇంకొకదానిది. రేపు ఎక్కడన్నా ప్రమాదం జరిగితే? బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్టర్‌లో పేరున్నవాడే చట్టం కంట యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో చెప్పింది. ఈ మూడు బండ్లకూ రిజిస్టర్‌లో ఉన్నది, ఎప్పుడో మొదట కొని, అమ్మి, మరిచిపోయిన వాళ్ల పేర్లు.