మూడువందల ఇరవై

మా వైపు ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్లినా, వచ్చేటప్పుడు చేతిలో జీడిపప్పు పొట్లం పెడతారు. పలాస అంత దగ్గర ఉండగా పెట్టకపోతే మర్యాదా మరి! కోటబొమ్మాళిలో పుట్టినదాన్ని, జీడిపప్పు గురించి నాకు తెలియనిదేముందనుకునేదాన్ని. చెప్పొద్దూ, ఆ గర్వం ఈమధ్య ఒక్క ప్రశ్నతో దిగిపోయింది.

నా కథ ఒకటి ఇంగ్లీషులో ఓ విదేశీ పత్రికకు వెళ్లింది. అందులో జీడి కార్ఖానాలో పప్పు ఏరే స్త్రీ ఉంది. "మూడువందల ఇరవై ఏరడంలో ఆమెకు సాటి లేదు" అని రాశాను. సంపాదకురాలు అడిగింది కదా, "మా దగ్గర కొలతలన్నీ మెట్రిక్ పద్ధతిలోనే ఉండాలి. ఈ 320 గ్రాములా, మిల్లీమీటర్లా?"

నాకు తెలిస్తే కదా! పలాసలో మా పిన్ని పక్కింటావిడ ఏళ్ల తరబడి పప్పు ఏరుతోంది. ఆవిడనడిగాను.

"అదీ తెల్దేటమ్మా? రెండొందల నలభై పెద్దది. మూడొందల ఇరవై దానికన్నా సన్నం. నాలుగొందల యాభై మరీ సన్నం."

"అంకె పెరిగితే పప్పు చిన్నదవడమేమిటి?"

"అదంతే. సెయ్యే సెప్పేస్తాది."

తరవాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఆ అంకె పౌనుకి ఎన్ని గుళ్లు తూగుతాయన్న లెక్కట! 300 నుంచి 320 దాకా తూగితే ఆ రకం. గుళ్లు చిన్నవైనకొద్దీ ఎక్కువ తూగుతాయి మరి.

మన దేశం 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు తెచ్చింది. వీశలూ పదలాలూ శేర్లూ వెళ్లిపోయాయి. మా అమ్మమ్మ మాత్రం చివరిదాకా వీశ బెల్లం అనే అడిగేది. కొట్టతను కిలో నాలుగువందల గ్రాములు తూచి ఇచ్చేవాడు. ఇద్దరికీ ఏ తగువూ లేదు.

మరి పౌను ఎందుకు పోలేదు? అమెరికా పెద్ద కొనుగోలుదారు, అక్కడ పౌనే వాడుక. ఎగుమతి డబ్బా 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు. ఇంకో చిత్రం. పిక్కల బస్తా 80 కిలోలు. అందులోంచి ఎంత పప్పు దిగుతుందో అంతర్జాతీయ వర్తకులు చెప్పేది పౌన్లలో! పెంకు వలవగానే దేశం మారిపోయినట్టు. 48 పౌన్లు దిగే పిక్క అంటే బస్తాకు దాదాపు 22 కిలోల పప్పు. బస్తాకు గిట్టుబాటు ధర అడిగే ఉద్దానం రైతుకు ఈ రెండో లెక్క తెలియకపోతే, తనకు వచ్చింది న్యాయమో కాదో ఎలా తెలుస్తుంది?

అన్నట్టు, ఆ పౌనుకు సొంత ఇల్లు లేదు. 1959లో అమెరికా, బ్రిటన్ మరికొన్ని దేశాలతో కలిసి పౌనంటే 0.45359237 కిలో అని ఒప్పుకున్నాయి. కిలో పంచన చేరి, మన పప్పు మీద పెత్తనం!

సరే, సంపాదకురాలు లెక్క కట్టి "కిలోకు ఏడువందలు తూగే రకం" అని దిద్దింది. ఆ మాట పక్కింటావిడకు చెప్పాను.

"ఏడొందలా? అలాటి రకం మా కాడ లేదమ్మా!" అని ఒకటే నవ్వు.

నిజమే. ఆవిడ ఏరింది మూడువందల ఇరవై. కథలో దాన్నే ఉండనిమ్మన్నాను. పక్కన ఒక్కొక్క గుండు దాదాపు గ్రామున్నరేనని చేర్చాను. చదివేవాళ్లకు కొలత తెలియాలి, నిజమే. ఏరినావిడ మాట కూడా పోకూడదుగా!